గొంగళికి క్షవరం

కబుర్ల బాబాయి సెలూన్‌లో కుర్చీలు రెండే. ఒకటి జుట్టు కత్తిరించుకునేవాళ్ళది, రెండోది కబుర్లు వినేవాళ్ళది. రెండో కుర్చీ ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు లేరు. కత్తెర కచకచమంటున్నంతసేపూ ఆయన నోరు ఆడుతూనే ఉంటుంది. అలాగని ఒకరి గుట్టు పట్టుకెళ్ళి ఇంకొకరి చెవిలో వేసే రకం కాదు. చెప్పేవన్నీ తన మీద తను వేసుకునే జోకులే. పెళ్ళికి ముందు రోజు తన జుట్టు తానే కత్తిరించుకోబోయి ఒక పక్క బోడి చేసుకున్న సంగతి వీధిలో అందరికీ కంఠతా వచ్చు. గుక్కపట్టి ఏడ్చే పసివాళ్ళు కూడా ఆయన మాటల్లో పడి ఏడుపు సంగతి మరిచిపోయేవారు. ఆలోపు జుట్టు తగ్గిపోయేది.

సెలూన్ ముందు ఆయన మోటార్ సైకిల్ నిలబడి ఉంటుంది. పాతకాలపు నల్ల బండి. పొద్దున్నే షట్టరు ఎత్తగానే ముందు దాని మొహం తుడిచి, ఆ తర్వాతే గోడ అద్దం తుడుస్తాడు. పడుచువాళ్ళ బళ్ళు గాలిలో దూసుకుపోతుంటే, ఆయనది తీరిగ్గా డుగుడుగుమంటూ పోయేది. ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ పలకరించాలంటే ఆ మాత్రం నెమ్మది ఉండాలి మరి.

ఆ చుట్టుపక్కల మోటార్ సైకిళ్ళ మీద మోజున్నవాళ్ళంతా ఒక జట్టు. ఆదివారం పొద్దున్నే టైర్ల షాపు ముందు కలిసేవారు. ఆ షాపు నడిపే ఆవిడని అందరూ టైర్ల అక్క అంటారు. లారీ టైరును ఒంటి చేత్తో దొర్లించుకుపోయే మనిషి. జట్టుకి పెద్ద ఆవిడే. వేసవి వచ్చిందంటే ఎండ ముదరకముందే బయలుదేరి ఊరవతల చెరువుకి పోయేవారు. ఈత కొట్టి, చెట్ల కింద పుచ్చకాయలు కోసుకు తిని, నెమ్మది పందెం పెట్టుకునేవారు. కాలు నేల మీద ఆనకుండా, బండి ఆగకుండా, అందరికంటే ఆఖరున చేరినవాళ్ళే గెలిచినట్టు. ఏటా ఆ పందెం బాబాయిదే. పక్కవాడితో మాటల్లో పడితే ఆయన బండి నడుస్తోందో నిలబడిందో చూసేవాళ్ళకే తెలిసేది కాదు.

ఇంత మాటకారికీ ఒక బలహీనత ఉంది. కుక్కని చూస్తే పై ప్రాణాలు పైనే పోతాయి. చిన్నప్పుడు ఒక కుక్క పిక్క పట్టుకుంది. ఆ మచ్చ మోకాలి కింద ఇంకా ఉంది. ఒకసారి సందు మలుపులో దోసెడంత కుక్కపిల్ల బండి వెంటబడితే, ఆయన రెండు కాళ్ళూ ఎత్తి హ్యాండిల్ మీద పెట్టేశాడు. బండి తిన్నగా పోయి ఇసకగుట్టలో కూరుకుపోయింది. కుక్కపిల్ల తాపీగా వచ్చి హెల్మెట్ నాకి తన దారిన తాను పోయింది. జట్టుకి ఆ ఒక్క కథ ఏడాది పొడుగునా నవ్వుకోవడానికి సరిపోయింది.

అలాంటి మనిషి ముందు ఆ ఏడు వేసవి మొదట్లో టైర్ల అక్క ఒక మాట పెట్టింది. అంతకుముందు వారం, వదిలేసిన కుక్కల్ని ఉంచే షెల్టర్ వాళ్ళ వ్యాను టైరు బాగుచేయడానికి ఆవిడ అక్కడికి వెళ్ళొచ్చింది.

"సెలవులకి ఊళ్ళు తిరగడానికి పోయేవాళ్ళు కుక్కల్ని ఆ గేటుకి కట్టేసి పోతున్నారర్రా. గదుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఉన్న ఇద్దరు ముగ్గురు మనుషులకి నీళ్ళ తొట్లు నింపడంతోనే తెల్లారిపోతోంది. వాటిని బయట నడిపించేవాళ్ళు లేరు, కడిగేవాళ్ళు లేరు. ఈ వేసవి మన ఆదివారాలు అక్కడ గడుపుదాం. మనం ఈదకపోతే చెరువేమీ అలగదు."

అందరూ సరేనన్నారు. బాబాయి మాత్రం తన బండి అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

"బాబాయ్, నువ్వేమంటావ్?"

"అనేదేముంది, మంచి పనే. కానీ బళ్ళన్నీ బయట వదిలేసి అందరూ లోపలికి పోతే ఎట్లా? ఎవరో ఒకరు కాపలా ఉండాలిగా. నేనుంటాలే."

జట్టంతా గొల్లుమంది.

మొదటి ఆదివారం ఆయన అన్నంత పనీ చేశాడు. షెల్టర్ గేటు బయట నీడలో కూర్చుని, దొంగల ఊసే లేని ఆ రోడ్డు మీద బళ్ళకి కాపలా కాశాడు. రెండోసారి కాస్త ధైర్యం చేసి, బయటనుంచే గదుల వెనకున్న ఇనప జాలీ దాకా వెళ్ళాడు. చివరి గదిలో ఎవరో గొంగళి ఆరేసి మరిచిపోయారనుకున్నాడు. చూస్తుండగానే ఆ గొంగళి లేచి నీళ్ళు తాగింది.

అది కుక్క. ఒళ్ళంతా జుట్టు అట్టలు కట్టి, ఆ అట్టల్లో మట్టీ పల్లేరుకాయలూ ఇరుక్కుని, కళ్ళెక్కడో మూతెక్కడో తెలియకుండా ఉంది. అప్పుడే ఒక కుటుంబం కుక్కని దత్తత తీసుకుందామని చూడటానికి వచ్చింది. తండ్రి, తల్లి, వాళ్ళ కూతురు. వాళ్ళు దగ్గరికి రాగానే ఆ కుక్క తోక ఊపింది. తోక కనపడదు కాబట్టి వెనక అట్ట మాత్రం అటూ ఇటూ కదిలింది.

"ఇదేంటిది, చినిగిన పాత పరుపులా ఉంది" అన్నాడు తండ్రి. ముగ్గురూ ముందుకు వెళ్ళిపోయారు. అట్ట కాసేపు కదిలి ఆగిపోయింది.

మర్నాడు సెలూన్‌లో అలవాటు కొద్దీ కబురు మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. రెండో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కంగారుపడి "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

"ఒంటికేం, గుండ్రాయిలా ఉంది. నిన్న ఒకళ్ళని చూశానండీ. ఆ అవతారంలో నలుగురిలోకి ఎలా వదిలేశారో! మన కుర్చీలోంచి ఒక మనిషి అలా లేచి వెళ్తే నాకు ముద్ద దిగుతుందా?"

ఎవరో మనిషి గురించే అనుకున్నాడు పెద్దమనిషి.

తర్వాతి ఆదివారం జట్టులోని నర్సు అమ్మాయి ఆ కుక్క దగ్గర కూర్చుంది. షెల్టర్ చూసుకునే ఆవిడ సంగతంతా చెప్పింది. అట్టలు చర్మానికి అంటుకుపోయి ఉన్నాయి కాబట్టి జుట్టు తీసే మిషన్ దూరదు. మత్తు ఇచ్చి తీసేద్దామంటే దాని గుండె తట్టుకోదని పశువుల డాక్టరు చెప్పాడు. మెలకువగా ఉండగానే కొంచెం కొంచెంగా కత్తిరించాలి. నర్సు అమ్మాయి కట్లు కత్తిరించే కత్తెర తీసి చెవి దగ్గర మొదలుపెట్టింది. కుక్క కుయ్యోమంది. జాలీ బయట బాబాయి కూడా దాదాపు అలాగే అరిచాడు.

"అమ్మాయ్, దువ్వెన అడ్డం పెట్టమ్మా! చర్మానికీ కత్తెరకీ మధ్య దువ్వెన ఉండాలి!"

"దువ్వెన ఎక్కడుంది బాబాయ్ ఇక్కడ?"

"నా జేబులో ఉంది. ఇదిగో."

జాలీ కంతలు చిన్నవి. దువ్వెన పట్టలేదు. ఇలా తిప్పాడు, అలా తిప్పాడు, ఊహూఁ. కుక్క మళ్ళీ కుయ్యిమంది.

"దువ్వెన ఇచ్చేసి వచ్చేస్తా" అని తనకి తానే చెప్పుకుని బాబాయి గేటు తీశాడు. చివరి గదికి చేరాలంటే అన్ని గదుల ముందు నుంచీ నడవాలి. రెండు పక్కలా కుక్కలు జాలీల మీదికి ఎగబడి మొరుగుతుంటే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, రెండు మోచేతులూ ఒంటికి అదుముకుని, సన్నటి గట్టు మీద నడిచేవాడిలా వెళ్ళాడు. దువ్వెన ఇచ్చాడు. వెనక్కి రాలేదు.

"కత్తెర అలా కాదమ్మా, ఇలా పట్టుకో... సరే, ఇటివ్వు, నువ్వు తల పట్టుకో" అంటూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

కత్తెర రెండుసార్లు గాలినే కత్తిరించింది. ఇన్నేళ్ళ పనిలో అలా గురి తప్పడం ఆయన ఎరగడు. తనకి తెలిసిన ఒకే ఒక్క మందు తీశాడు.

"రండి, రండి. చాలా రోజులకి వచ్చారు. ఎలా కావాలండీ? ముందు పొడుగ్గా ఉంచి వెనక తగ్గించమంటారా? ఇదివరకు చేసినవాడెవడో గానీ బొత్తిగా పని రానివాడండీ..."

షెల్టర్ ఆవిడ మెల్లగా చెప్పింది. "దానికి చెవులు వినపడవండీ. పూర్తిగా చెవుడు."

నర్సు అమ్మాయికి నవ్వాగలేదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది బాబాయ్ నీ పని!"

బాబాయి నోరు ఠక్కున మూతపడింది. మాట లేకుండా పని చేయడం ఆయనకి చేతకాదు. కత్తెర దించేశాడు. అంతలో కుక్క ఒక అడుగు ముందుకేసి, తన గడ్డాన్ని తెచ్చి ఆయన రొమ్ముకి ఆనించింది. ఆయన బిగుసుకుపోయాడు. "అమ్మో, అమ్మో" అని గొణిగాడు. కుక్క కదలకుండా ఉంది. ఆయన ఆగగానే తలెత్తి చూసింది. మళ్ళీ ఏదో అన్నాడు. మళ్ళీ గడ్డం ఆనించింది.

"దీనికి నా రొమ్ములో మోత తెలుస్తోందమ్మాయ్" అన్నాడు ఆశ్చర్యంగా.

ఇంక అడ్డేముంది? తన పెళ్ళి కథ ఎత్తుకున్నాడు. బోడి అయిన పక్కన టోపీ ఎలా పెట్టుకున్నదీ, ఫొటో తీసేవాడు టోపీ తీయమన్నప్పుడు ఏమైందీ అంతా పూసగుచ్చినట్టు చెబుతూ, వెంట్రుక వెంట్రుకా విడదీస్తూ పోయాడు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినంత పని. ఆ రోజు పొద్దంతా కష్టపడితే ఒక్క చెవి వెనక అట్ట మాత్రమే ఊడింది. అది ఊడి కిందపడగానే కుక్క వెనక కాలు ఎత్తి ఆ చెవిని గీరుకుంది. కళ్ళు మూసుకుని, తల వాల్చి, తనివితీరా గీరుకుంది. ఎన్నాళ్ళ దురదో పాపం.

"మిగతాది వచ్చే వారం" అని దాని వీపు మీద చెయ్యి వేశాడు బాబాయి. వేశాక గుర్తొచ్చింది, తను చెయ్యి వేసింది ఒక కుక్క మీదని. అయినా తీయలేదు.

దానికి గొంగళి అనే పేరు ఖాయమైపోయింది. వేసవి సగానికి వచ్చేసరికి అట్టలన్నీ పోయి లోపలి మనిషి బయటపడింది. మనిషంటే కుక్కేననుకోండి. ఉన్నదాంట్లో సగం కూడా లేని బక్కపల్చటి తెల్ల కుక్క. వయసు మళ్ళింది గానీ కళ్ళు మాత్రం తేనె రంగులో మెరుస్తున్నాయి. చర్మం మీద పుళ్ళకి నర్సు అమ్మాయి మందు రాసేది. షెల్టర్ ఆవిడ దాన్ని చూసి "ఇంత చిన్న ప్రాణం అంత బరువు మోసిందా!" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ కబురు కుక్కలకి ఎవరు చెప్పారో గానీ, షెల్టర్‌లో రేకుల షెడ్డు కింద బాబాయి పెట్టిన ఆదివారం సెలూన్‌కి బేరం పెరిగిపోయింది. తెల్లవారుజామునే జట్టువాళ్ళు కుక్కల్ని రోడ్డు వెంట నడిపించి తెచ్చేవారు. తర్వాత బళ్ళు కడిగే గొట్టం పెట్టి, ధార తగ్గించి స్నానాలు. ఎవరు ఎవరికి పోశారో తేలేది కాదు, అందరూ సమానంగా తడిసేవారు. ఆపైన బాబాయి ముందు వరస. అలాగని ఆయన భయం ఆవిరైపోలేదు. కొత్త కుక్క వచ్చినప్పుడల్లా మెడ గట్టిగా పట్టుకోమనేవాడు. అది పళ్ళు చూపిస్తే రెండడుగులు వెనక్కి జరిగేవాడు. కత్తెర మాత్రం కింద పెట్టేవాడు కాదు. "కాళ్ళు చూస్తే వెనక్కి పోతున్నాయి, చేతులు చూస్తే రాయిలా ఉన్నాయి. ఒకే మనిషివేనా నువ్వు?" అని టైర్ల అక్క విస్తుపోయేది.

ఇంట్లో పిన్ని, అంటే బాబాయి భార్య, ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడ ఇంట్లోనే పరదాలు కుట్టి ఇస్తుంది. ముందు గది నిండా తెల్లటి గుడ్డ పరిచి ఉంటుంది. "షాపులో మనుషుల జుట్టు చాలలేదని ఇప్పుడు కుక్కలది మొదలెట్టారా? గుమ్మంలోనే చొక్కా విప్పి దులిపి రండి" అనేది. ఆయన దులుపుకుంటూనే గొంగళి ఆ రోజు ఏం చేసిందో చెప్పేవాడు. ఆవిడ మిషన్ తొక్కుతూ ఊఁ కొట్టేది.

వేసవి చివర దత్తత రోజు పెట్టారు. షెల్టర్ దూరమని జనం రావడం లేదు కాబట్టి, కుక్కల్నే మార్కెట్ పక్క మైదానానికి తీసుకెళ్ళాలని అనుకున్నారు. ముందు కుక్కల వ్యాను, వెనక జట్టు బళ్ళన్నీ బారులు తీరి రావాలి. ఊరంతా తిరిగి చూడాలని టైర్ల అక్క ముచ్చట. ఆ రోజు షెల్టర్ ముందు అందరూ ఒక్కసారిగా కిక్కు కొట్టారు. అన్ని ఇంజన్లూ కలిసి గర్జించాయో లేదో, వ్యానులో కుక్కలు పిచ్చెత్తినట్టు గింజుకున్నాయి. ఒకటి తల కడ్డీలకేసి కొట్టుకుంది. గొంగళి ఒక్కటే ఏమీ పట్టనట్టు పడుకుని ఉంది.

టైర్ల అక్క చెయ్యెత్తి అన్నీ ఆపించింది. ఎవరికీ పాలుపోలేదు. వ్యానుని ఒంటరిగా పంపేస్తే ఎవరూ తలెత్తి చూడరు.

"మోటార్లు వేయొద్దు. నెట్టుకుంటూ పోదాం" అన్నాడు బాబాయి.

"ఈ ఎండలోనా? మార్కెట్ దాకానా? బండి బరువెంతో తెలుసా బాబాయ్?"

"నా బండి మీ అందరి బళ్ళకంటే బరువు. నేను మీ అందరికంటే ముసలాణ్ణి. నేను నెడతా. ఆపైన మీ ఇష్టం."

స్టాండు తీసి, భుజం ఆనించి నడవడం మొదలుపెట్టాడు. ఇంకెవరు మాట్లాడతారు? ఒకరి వెనక ఒకరు కదిలారు.

ఎండకి తారు మెత్తబడి బూట్లకి అంటుకుంటోంది. తోలు జాకెట్లు వ్యాను మీదికి వెళ్ళిపోయాయి. చెమటలు ధారలు కడుతుండగా అంతమంది అన్ని బళ్ళని నిశ్శబ్దంగా నెట్టుకుంటూ పోతుంటే వీధులు వీధులే బయటికొచ్చి ముక్కున వేలేసుకున్నాయి.

"ఏమయ్యా, అన్నీ కూడబలుక్కుని చెడిపోయాయా?" అని ఒక మేడ మీంచి ఎవరో అరిచారు.

"బళ్ళకేం, భేషుగ్గా ఉన్నాయమ్మా!" బాబాయి రొప్పుతూనే జవాబిచ్చాడు. "మోత చేస్తే లోపల మా వాళ్ళు భయపడుతున్నారు. భయమంటే ఏంటో నాకు బాగా తెలుసు. మీరూ రండి, చూద్దురుగాని!"

దారి పొడుగునా అదే పాట. పళ్ళ దుకాణం అతను పుచ్చకాయ ముక్కలు తెచ్చి నడుస్తున్నవాళ్ళ నోట్లో పెట్టాడు. ఎత్తు వచ్చిన చోట దారిన పోయేవాళ్ళు వెనకనుంచి చెయ్యి వేశారు. మైదానం చేరేసరికి వెంట ఊరేగింపంత జనం ఉన్నారు.

ఆ రోజు చాలా కుక్కలు ఇళ్ళకి వెళ్ళాయి. ఎవరికి ఏ కుక్క సరిపడుతుందో షెల్టర్ ఆవిడ అడిగి, చూసి, నచ్చితేనే ఇచ్చింది. మధ్యాహ్నం ఆ తండ్రీ తల్లీ కూతురూ కూడా వచ్చారు. తండ్రి సరాసరి గొంగళి దగ్గర ఆగిపోయాడు.

"ఎంత ముద్దుగా ఉందో! వేసవి మొదట్లో షెల్టర్‌కి వచ్చినప్పుడు ఇది లేదే?"

"ఉందండీ" అన్నాడు బాబాయి. "దీనికి చెవుడు."

"అలాగా. పర్లేదులెండి, అలవాటు చేస్తాం."

"పూర్తిగా చెవుడండీ. పిలిస్తే రాదు. హారన్ కొట్టినా తెలియదు."

తల్లి ఆలోచనలో పడింది. "మా ఇల్లు పెద్ద రోడ్డు మీద ఉంది. ఎప్పుడూ లారీలే."

"అదేనండీ నేను చెప్పేది. అసలే చెవుడు."

వాళ్ళు కాసేపు గొంగళిని నిమిరి, పక్కనున్న హుషారైన నల్ల కుక్కని ఎంచుకుని సంతోషంగా వెళ్ళారు. బాబాయి దువ్వెన తీసి, దువ్వాల్సిన అవసరమే లేని గొంగళిని దువ్వడం మొదలుపెట్టాడు. వెనకనుంచి పిన్ని గొంతు వినపడింది. ఆవిడ నిమ్మరసం పట్టుకుని ఎప్పుడొచ్చిందో ఏమో.

"వాళ్ళకి చెవుడు సంగతి బాగానే చెప్పారు."

"నిజమే చెప్పాను. చెప్పాలిగా."

"నిజమే. కానీ సంతలో బేరం చెడగొట్టేవాడిలా మూడుసార్లు చెప్పారు."

బాబాయి తల వంచుకున్నాడు. గొంగళి ఆయన్ని చూసి, లేచి వచ్చి, గడ్డం ఆయన రొమ్ముకి ఆనించింది.

"నీ పరదాలు..." అన్నాడు చివరికి.

"అది తెల్లగానే ఉందిగా. తెల్ల పరదా మీద తెల్ల వెంట్రుక ఎవరికి కనపడుతుంది?" అని పిన్ని గ్లాసు ఆయన చేతిలో పెట్టి, తను కింద కూర్చుని గొంగళి వైపు చెయ్యి చాపింది. అది ముందు వాసన చూసింది. తర్వాత ఆ అరచేతిలో మూతి పెట్టింది.

ఒకటి రెండు వానలు పడ్డాక టైర్ల అక్క, జట్టువాళ్ళు కలిసి బాబాయి బండికి పక్కన ఒక తొట్టి అమర్చారు. అడుగున పిన్ని కుట్టిన మెత్త. బండి డుగుడుగుమనగానే మిగతా కుక్కలు పారిపోతాయి, గొంగళి మాత్రం గడ్డం తొట్టి అంచుకి ఆనించి ఆ అదురుకి కళ్ళు అరమోడుస్తుంది. పగలంతా సెలూన్‌లోనే దాని మకాం. కుర్చీలో ఏడ్చే పసివాళ్ళకి ఇప్పుడు కబుర్లతో పాటు నిమరడానికి ఒక తెల్లటి వీపు కూడా దొరికింది. వీధిలో వేరే కుక్క ఎదురైతే మాత్రం బాబాయి ఇప్పటికీ రోడ్డు దాటి అవతలి పక్కకి పోతాడు. ఆయన వెంట గొంగళి కూడా మర్యాదగా దాటుతుంది.

మరుసటి వేసవికి షెల్టర్‌లో రేకుల షెడ్డుకి ఒక కుర్చీ, ఒక అద్దం వచ్చాయి. కుక్కలకి అద్దమెందుకని అందరూ నవ్వారు. "పని అయ్యాక చూపించకపోతే అది సెలూన్ ఎలా అవుతుంది?" అన్నాడు బాబాయి. నర్సు అమ్మాయి ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు పక్కనే తనూ కత్తెర పడుతోంది. మొదటి ఆదివారం వాళ్ళ ముందుకి ఒక పెద్ద గోధుమరంగు కుక్క వచ్చింది. గేటుకి కట్టేసి పోయిన కుక్క. గుర్రుమంటోంది. బాబాయి నుదుటి మీద చెమట పట్టింది.

"ఇంకా భయమేనా బాబాయ్?" అంది నర్సు అమ్మాయి.

"ఎక్కడికి పోతుందమ్మా? ఉంది. ఉంటే ఉండనీ. ముందు ఆ మెడ కింద ముడి చూడు, ఎంత లాగేస్తోందో పాపం" అంటూ ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి దువ్వెన తీశాడు. "రండి, రండి. ఎలా కావాలండీ?"